పోయినవారి పేరున

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు హైమవతి పేరున రావలసిన ఫిల్టరు రాలేదు.

“గిడ్డంగివాళ్ళ పొరపాటు. మళ్ళీ ఫోన్ చెయ్యి,” అన్నాడు నరహరి, డయాలసిస్ హాలులో టెక్నీషియన్ గౌరునాయుడితో.

“రెండుసార్లు చేశానండి. విశాఖపట్నం నుంచి వ్యాను వచ్చేసింది. మిగతా ఎనిమిది మందివీ ఉన్నాయి. అమ్మగారికి ఆర్డరే పడలేదట.”

“ఎవరు ఆపారు?”

గౌరునాయుడు ఇబ్బందిగా మెడ వెనుక గోక్కున్నాడు. “ఎవరూ ఆపలేదండి. పడలేదు, అంతే.”

భార్య మంచం పక్కన నరహరి నిలుచున్నచోటనే నిలుచుండిపోయాడు. ఎవరూ ఆపకుండా ఒక వస్తువు రాకపోవడం ఎలా సాధ్యమో ఆ జిల్లాలో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గోస్తనీ ట్రస్టు ఆసుపత్రికి ఇరవై ఏడు సంవత్సరాలు పద్దుల తనిఖీ అధికారిగా ఉండి, పదవీ విరమణ చేసిన తరువాత ధర్మకాటా అనే కొనుగోళ్ళ యంత్రాన్ని నిర్మింపజేసింది ఆయనే.

రహదారి పక్కన లారీలను తూచే కాటా పేరునే దానికి పెట్టాడు. దూది ఉండ మొదలు గుండెలో అమర్చే కవాటం వరకు ఆసుపత్రిలోకి వచ్చే ప్రతి వస్తువుకూ ఆవగింజంత ముద్ర ఉంటుంది. దాన్ని ఏ మంచం దగ్గర విప్పారో, ఏ రోగికి వాడారో ధర్మకాటా కనిపెట్టి ఉంటుంది. వాడిన తీరును బట్టి ఆ రోగికి రేపు ఏమి కావాలో ముందే పసిగట్టి, సరిగ్గా అంతే కొని, తెల్లవారేసరికి వ్యానులో పంపిస్తుంది. ఒక్క సూది ఎక్కువ రాదు. మిగులు సరుకు దొంగతనానికి తొలిమెట్టు అని నరహరి నమ్మకం. మొదటి ఏడాదే ఆసుపత్రి ఖర్చులో మూడో వంతు తగ్గింది. రెండో ఏడాదికి చుట్టుపక్కల పద్నాలుగు ఆసుపత్రులు అదే కాటా కిందికి వచ్చాయి.

మనిషి చెయ్యి పడితే తూకం చెడుతుందని దానికి తాళాలు కూడా ఆయనే వేయించాడు. ఫలానాది కొనమని దాన్ని ఎవరూ ఆదేశించలేరు. బయట కొన్న ఫిల్టరు తెచ్చి పెడదామంటే, ముద్ర లేనిదాన్ని డయాలసిస్ పరికరం ముట్టుకోదు. మరో ఆసుపత్రికి వెళదామంటే, రోగి లెక్క రోగి వెంటే వస్తుంది.

“మీ కాటా నన్ను తూచడం మరిచిపోయిందేమో,” అంది హైమవతి. బాలికల పాఠశాలలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఆమె. మూత్రపిండాలు పనిచేయడం మానేసిన నాటి నుంచి, ఐదేళ్ళుగా, సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ మంచం ఎక్కుతోంది. పది రోజులుగా మెడ దగ్గర గొట్టం అమర్చిన చోట చీము పట్టింది. రోజుకు నాలుగుసార్లు కట్టు మార్చవలసి వస్తోంది.

“అది మరిచిపోదు,” అన్నాడు నరహరి.

“మరి అలిగిందా?”

పక్క మంచం మీద మరిడయ్య నవ్వాడు. భీమిలి దగ్గర నలభై ఏళ్ళు సముద్రం మీద పడవ నడిపినవాడు. పరికరానికి కట్టేసినా అతని నోటికి మాత్రం కట్టు లేదు. “పంతులుగారూ, మీరెట్టిన మిసను మీ ఇంటోలినే పోల్చుకోనేదేటండి? ఇంక మాబోటోల గతేటి?”

నరహరి భార్యకు దుప్పటి కప్పాడు. మేడ మీది విశ్లేషణ గదికి బయలుదేరాడు.

తెర మీద భార్య పేరు నొక్కగానే ఒక అంకె కనిపించింది. వ్యర్థ సూచిక: ఎనభై మూడు.

ఆ సూచిక కూడా ఆయన ఆలోచనే. రోగి మరణించే ముందు రెండు రోజులలో జరిగే ఖర్చు ఎవరికీ ఉపయోగపడదనీ, దానిని ముందుగా గుర్తించగలిగితే ఆ సరుకు బతికేవారికి అందుతుందనీ ఆయన వాదించాడు. గుర్తించడం నేర్చుకొమ్మని ఇరవై ఏడేళ్ళ వార్డు పుస్తకాలను యంత్రం చేత చదివించాడు. సూచిక డెబ్బై దాటితే ఖరీదైన వస్తువులేవీ ఆ రోగి పేరున కొనదు. కాదని చెప్పేవారు ఉండరు, కనుక కాదన్నారని కాళ్ళావేళ్ళా పడేవారూ ఉండరు. సరుకు రాదు, అంతే. డెబ్బై అని హద్దు గీసిన రోజున ఆయన ఎదుట పేర్లు లేవు.

ఏ గుర్తులను బట్టి ఎనభై మూడు వేశావని యంత్రాన్ని అడిగాడు. మూడు చూపించింది. కట్టుగుడ్డ, చేతి తొడుగులు, సెలైన్. ఈ మూడూ ఒక్కసారిగా పెరిగిన రోగి రెండు రోజులలో మరణిస్తాడు. పాత పుస్తకాలలో మరణించినవారిలో నూటికి తొంభై మంది విషయంలో అలాగే జరిగింది.

చీము పట్టింది కనుక హైమవతికి ఆ మూడూ పెరిగాయి. చీము పట్టిన ప్రతివారూ చావరన్న సంగతి వార్డు ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ఇన్ని వేల పుటలు చదివిన యంత్రానికి ఎందుకు తెలియలేదు?

గడచిన ఎనిమిది నెలలలో సూచిక డెబ్బై దాటినవారు పదకొండు మంది. పది మంది పోయారు. ఒకరిని ఇంటివారు తీసుకుపోయారు. ఆ పది మందినీ యంత్రం తన జోస్యం ఫలించిన లెక్కలో వేసుకొని, తన గుర్తులను మరింత గట్టిగా నమ్మడం మొదలుపెట్టింది. వారిలో ఆరుగురికి చివరి రోజులలో అందవలసిన మందో పరికరమో అందలేదు. అందక పోయారా, పోవలసినవారే పోయారా అన్నది తెలుసుకొనే దారి ఇప్పుడు లేదు.

భోజనం సంగతి మరిచి ఆయన పాత పుటలు తిరగేస్తూ కూర్చున్నాడు. రెండు గంటల వేళ ఒక పేరు దగ్గర వేలు ఆగింది. పదకొండేళ్ళ కిందటిది. ఆటో నడిపే మనిషి, యాభై రెండేళ్ళవాడు. గుండె ఆగిపోతూ ఉండగా తీసుకువచ్చారు, నలభై నిమిషాలలో పోయాడు. ఒంటి మీద గాయం లేదు. అతని పేరున ఇరవై రెండు చుట్టల కట్టుగుడ్డ, అరవై జతల తొడుగులు, పద్దెనిమిది సీసాల సెలైన్ రాసి ఉన్నాయి.

నలభై నిమిషాలలో పద్దెనిమిది సీసాలు ఏ మనిషి ఒంట్లోకీ ఎక్కవు.

పుట అడుగున, తనిఖీ జరిగినట్టు, ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది. తనదే.

హెడ్ నర్సు రాహేలమ్మ దుప్పట్ల గదిలో ఉతికి వచ్చిన దుప్పట్లను లెక్కపెట్టుకుంటోంది. నరహరి ఆ పుట నకలు ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకొని చదివింది. కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చి, వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

“ఇన్నాళ్ళకు అడిగారా సార్,” అంది.

“ఏమిటిది?”

“బీమా కార్డు లేనివాళ్ళు వస్తుంటారు కదా సార్. ఒళ్ళు కాలినవాళ్ళు, పుండ్లు పడ్డవాళ్ళు. వాళ్ళ పేరున స్టోర్సు ఏమీ ఇవ్వదు. కట్టు కట్టకుండా ఎలా పంపుతాం? అందుకని కట్టేవాళ్ళం. రాయడం మాత్రం వేరే పేరున రాసేవాళ్ళం.”

“ఎవరి పేరున?”

“పోయినవాళ్ళ పేరున. పథకంలో ఉండి పోయినవాళ్ళ పేరున. ఇంటివాళ్ళ దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు సార్. పోయినవాళ్ళ బిల్లు ఎవరూ పరీక్షగా చూడరు. బీమావాళ్ళు కూడా మరణపత్రం చూసి మూసేస్తారు. నేను చేరకముందు నుంచే ఉందిది. నాకు మా పెద్ద సిస్టర్ నేర్పింది, వీళ్ళకు నేను నేర్పాను.”

నరహరి దుప్పట్ల దొంతర అంచు పట్టుకున్నాడు. యంత్రం చావుకు గుర్తులని నేర్చుకున్నవి ఈ నర్సుల దయకు గుర్తులు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఆపేసేవారు కదా సార్.”

ఆపేసేవాడే. అందులో ఆయనకు సందేహం లేదు.

“నెలకోసారి మీరు పుస్తకం తెరిచినప్పుడల్లా మాకు గుండెలు దడదడలాడేవి. ఈసారి అడుగుతారు, ఈసారి పట్టేస్తారు అనుకొనేవాళ్ళం. మీరు కూడికలు చూసేవారు సార్. కూడికలు ఎప్పుడూ తప్పలేదు.”

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. జరిగినది జరిగినట్టు చెప్పింది. నరహరికి అదే ఎక్కువ తగిలింది.

రాహేలమ్మ బీరువా అడుగున పాత తువ్వాళ్ళ కింద నుంచి అట్టలు చిరిగిన పొడుగు పుస్తకం ఒకటి తీసింది. బదులు పుస్తకమని దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు. ఎవరి పేరున రాశారు, నిజంగా ఎవరికి వాడారు, ఏ తేదీన, ఎంత? రకరకాల చేతిరాతలలో పదకొండు వందల పైచిలుకు పద్దులు.

“దొంగలెక్క రాస్తూ మళ్ళీ నిజం లెక్క కూడా రాశారా?”

“దేవుడికి చెప్పుకోవాలి కదా సార్.” ఆమె పుట తిప్పింది. రెండేళ్ళ కిందట పద్దులు ఆగిపోయాయి. “ధర్మకాటా వచ్చాక కుదరడం లేదు. ప్రాణం పోయిన నిమిషానికే పేరు మూసేస్తోంది. ఇప్పుడు కార్డు లేనివాళ్ళను గుమ్మంలోంచే పంపేస్తున్నాం.”

ఆ పుస్తకాన్ని చదివిస్తే యంత్రానికి ఏది చావు గుర్తో, ఏది కాదో తెలుస్తుంది. నరహరి చెయ్యి చాచాడు. రాహేలమ్మ పుస్తకాన్ని రొమ్ముకు హత్తుకుంది.

“ఇందులో ముప్పై నాలుగు మంది రాత ఉంది సార్. పంతొమ్మిది మంది ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారు. ఇది బయటికి వస్తే బీమావాళ్ళు ఏమంటారో మీకు నేను చెప్పాలా?”

చెప్పనక్కరలేదు. మోసం అంటారు. పంతొమ్మిది మంది ఉద్యోగాలు పోతాయి, కొందరికి జైలు కూడా పడుతుంది. ఏ తప్పుకు ఏ శిక్షో వివరించే ట్రస్టు నియమావళిని ముచ్చటపడి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసింది నరహరే.

మంగళవారం ఉదయం ఆయన ట్రస్టు అధ్యక్షుడు దంతులూరి రామభద్రరాజు ఎదుట కూర్చున్నాడు.

“ధర్మకాటాను మూడు వారాలు ఆపించండి. అది తప్పు నేర్చుకుంది.”

“అని ఎవరు చెబుతున్నారు?”

“నేను. దానిని కట్టినవాణ్ణి.”

“కట్టినవారు కనుకనే వింటున్నాను నరహరి గారూ. మీరు ఇదే కుర్చీలో కూర్చొని, రేపు అధ్యక్షుడే వచ్చి ఆపమన్నా సరే, రాతపూర్వకంగా కారణం చూపనిదే ఆపరాదని నాచేత సంతకం పెట్టించారు. జ్ఞాపకం ఉందా?”

“ఉంది.”

“పద్నాలుగు ఆసుపత్రులు. పైన బీమావాళ్ళతో ఒప్పందం. మీ ఆవిడగారి సంగతి విన్నాను, బాధగానే ఉంది. కాని ఇదే మాట మరొకరు తమ ఇంటావిడ కోసం వచ్చి అడిగితే మీరేమనేవారు?”

ఏమనేవాడో ఇద్దరికీ తెలుసు.

“రుజువు తెండి,” అన్నాడు రాజు. “ఏ పద్దు తప్పు, నిజం ఏమిటి, తప్పు రాసిందెవరు, పేర్లతో సహా. ఆ నిమిషంలో ఆపిస్తాను. రాసినవాళ్ళను మాత్రం వదిలిపెట్టను. అదీ మీ నియమమే కదండీ.”

మెట్ల కింద రాహేలమ్మ ఎదురుచూస్తోంది. నరహరి ముఖం చూడగానే సంగతి గ్రహించింది.

“అమ్మగారి కట్టుగుడ్డ ఇక ఆమె పేరున రాయం సార్,” అంది మెల్లగా. “ముద్ర వేరే మంచం దగ్గర విప్పి గుడ్డ అమ్మగారి దగ్గరికి తెస్తాం. రేపటికి సూచిక దిగుతుంది.”

“వేరే మంచమంటే?”

ఆమె నేల వైపు చూసింది. “పోయినవాళ్ళ పేర్లు ఇప్పుడు దొరకవు కదా సార్.”

ఆ మంచం ఎవరిదని అడగడానికి నరహరికి నోరు రాలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

బుధవారం హైమవతి ఫిల్టరు వచ్చింది. మరిడయ్యది రాలేదు.

“ఏటి నాయుడూ, ఈయాల నా వొంతా?” అన్నాడు మరిడయ్య, అప్పటికే విప్పిన చొక్కా మళ్ళీ తొడుక్కుంటూ. అతని పాదాలు పొంగి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. “సముద్రం కాడా ఇంతే. ఒకడి వల బరువెక్కితే పక్కోడి వల కాళీ. అమ్మా, మీది పండింది, కానీయండి.”

నరహరి కిటికీ వైపు తిరిగాడు. హైమవతి నవ్వలేదు. ప్రతి మంచం తల దగ్గరా ఒక చిన్న తెర ఉంటుంది. తన పేరున ఆ రోజు ఏమేమి వాడారో రోగికి తెలియాలని నరహరే పట్టుబట్టి పెట్టించాడు. ఆమె తన తెర వైపు చూసింది. మరిడయ్య వెళ్ళిపోయిన తరువాత అతని తెర వైపు కూడా చూసింది. నాలుగు గంటలపాటు పరికరం ఆమె రక్తాన్ని కడుగుతూనే ఉంది, ఆమె రెండు తెరల మీది అంకెలనూ చూస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక అడిగింది. “ఇవాళ నాకు కట్టు ఎన్నిసార్లు మార్చారు?”

“నాలుగు.”

“తెర మీద ఒకటి ఉంది. మరిడయ్య ఇవాళ మంచమే ఎక్కలేదు, అయినా అతని పేరున మూడు గుడ్డలు పడ్డాయి. ఆ మనిషికి పుండెక్కడుంది?”

నరహరి, రోజుకు ఇంతేనని డాక్టర్లు చెప్పినట్టు కొలిచిన మంచినీళ్ళు అందించబోయాడు. ఆమె తీసుకోలేదు.

“నా దగ్గర మూడు తగ్గాయి, అతని దగ్గర మూడు పెరిగాయి. ఎనిమిదో తరగతి పిల్ల కూడా కడుతుంది ఈ లెక్క. చెప్పండి.”

ఆయన చెప్పాడు. ఆటో మనిషితో మొదలుపెట్టి రామభద్రరాజు దాకా, దాచకుండా అంతా చెప్పాడు.

“శుక్రవారం నుంచి నా గుడ్డ నా పేరునే రాయించండి,” అంది చివరకు.

“రాయిస్తే ఫిల్టరు రాదు హైమా.”

“తెలుసు.”

“పుస్తకం ఇస్తే ఆ పంతొమ్మిది మంది పోతారు. ఇవ్వకపోతే నువ్వో, మరిడయ్యో. ఉన్న దారులన్నీ వెదికాను. అన్నిటికీ తాళాలే.”

“అన్నీ వెదకలేదు,” అంది హైమవతి. “మీ పేరు చెడిపోని దారులన్నీ వెదికారు.”

గోడ గడియారం కింద ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆమె ఏమి అడుగుతోందో అర్థం కావడానికి అంతసేపు పట్టలేదు. అర్థమైనదానికి ఒప్పుకోవడానికి పట్టింది.

రాత్రే నరహరి ఫోన్ చేసి చెప్పడంతో, గురువారం తెల్లవారకముందే రాహేలమ్మ పుస్తకాన్ని కూరగాయల సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చింది. నరహరి కొత్త పుస్తకం ఒకటి తెరిచి, కలంలో ఆకుపచ్చ సిరా నింపాడు. మొత్తం పద్దులన్నీ ఒక్క చేతిరాతలో ఉండాలి. ఆ ఒక్క చెయ్యి తనది కావాలి.

హైమవతి చదువుతుంటే ఆయన రాశాడు.

“ఎవరి పేరున, కోరాడ సూరమ్మ, పక్షవాతం, పోయింది. ఎవరికి వాడారు, కొత్తవలస స్టేషన్లో దొరికిన ముసలామె, పేరు చెప్పలేదు. చుట్టలు ఎనిమిది.”

“ఎనిమిది.”

“ఎవరికి వాడారు, రాళ్ళ క్వారీలో కాలు నలిగిన కుర్రాడు. చుట్టలు పదకొండు, సెలైన్ ఆరు. ఎవరికి వాడారు, స్టవ్ మంట, గర్భిణి. చుట్టలు ముప్పై. పక్కన ఎవరో రాశారు చూడండి, ‘ఆడపిల్ల, క్షేమం’ అని.”

“అది కూడా రాయాలా?”

“రాయండి.”

ఇరవై ఏడేళ్ళు వీరందరూ తన సంతకం కింద నుంచి నడిచి వెళ్ళారు. ఆయన ఒక్కరినీ చూడలేదు. మధ్యాహ్నానికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆమె రాయడానికి వీలు లేదు కనుక, మధ్య మధ్య ఆయన చెయ్యి తీసుకొని వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీసింది. సాయంత్రం అయిదు గంటలకు పని పూర్తయింది. ఇరవై ఏడు సంవత్సరాలపాటు వార్డు పుస్తకాలలో మరణించినవారి పేరున సరుకు రాయించినది తానేననీ, తాను సంతకం చేసి పంపిన చీటీలను చూసి నర్సులు ఎక్కించారే గాని అవి నిజమో కాదో వారికి తెలియదనీ, నిజమైన లెక్క ఇదేననీ మొదటి పుటలో రాశాడు. వ్యాకరణం సరిచూసుకున్నాడు. సంతకం చేశాడు. పుట్టి బుద్ధి ఎరిగినాక తెలిసి ఆడిన మొదటి అబద్ధానికి ఒక్క కొట్టివేత కూడా లేదు.

పాత పుస్తకాన్ని తీసుకుపోవడానికి వచ్చిన రాహేలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. “దీన్ని ఆసుపత్రి చెత్త కొలిమిలో వేసెయ్యాలి కదా సార్.”

“వేసెయ్యాలి.”

“ఫరవాలేదు లెండి,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “మీ రాత కూడా దేవుడికి అర్థమవుతుంది.”

ఆ సాయంత్రమే రామభద్రరాజు తన గదిలో ఆ కొత్త పుస్తకం పుటలు తిప్పుతూ పోయాడు. సగం పుస్తకం అయ్యాక తల ఎత్తాడు.

“ఒక్క నర్సుకు కూడా తెలియదంటారు.”

“అధికారి సంతకం ఉన్న చీటీని ఎవరూ ప్రశ్నించరు. ఆ అలవాటు వారికి నేను చేసినదే.”

“మీరు,” అన్నాడు రాజు. “మీరు చేశారు ఇది. ఎందుకండీ?”

అన్ని ప్రశ్నలకూ జవాబులు సిద్ధం చేసుకొని వచ్చిన నరహరి ఈ ఒక్క ప్రశ్నను ఊహించలేదు. “కట్టు కట్టకుండా పంపలేక,” అన్నాడు. మాట అరువుదే.

“నేను నమ్మను,” అన్నాడు రాజు. మొదటి పుట మళ్ళీ తిప్పి చూసి, “కాని సంతకం ఉంది,” అన్నాడు. పద్నాలుగు ఆసుపత్రులకూ ఫోన్లు చేయించి, తాళంచెవిలా తన ఒక్కడి దగ్గరే ఉండే కార్డును యంత్రానికి పెట్టి ధర్మకాటాను ఆపాడు. “రేపు బీమావాళ్ళకు తెలియజేయక తప్పదు. పోలీసులు వస్తారు. ఊరు దాటకండి. ఆసుపత్రి గదులలోకి కూడా రావద్దు.”

నరహరి నమస్కరించాడు. రాజు ప్రతి నమస్కారం చేయలేదు.

శుక్రవారం ఆయన డయాలసిస్ హాలు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి హైమవతి ఒక్కతే వెళ్ళింది. గురువారం మధ్యాహ్నమే వెళ్ళిపోయిన చివరి ఆర్డరు ప్రకారం ఎనిమిది ఫిల్టర్లు వచ్చాయి. అందులో హైమవతిది ఉంది, మరిడయ్యది లేదు. యంత్రం ఆగిపోయింది కనుక, వచ్చినవాటిని ఎవరికైనా పెట్టవచ్చు. బయట కొన్నదాన్ని మాత్రం పరికరాలు ఇంకా ఒప్పుకోవడం లేదు. ఆ తాళం తీసే మనిషీ, చేతితో రాసిన ఆర్డరు మీద వచ్చే సరుకూ సోమవారం గాని రావు. మిగులు సరుకు ఎక్కడా లేదు.

తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

“వద్దమ్మా, నాను కాసుకుంటాను. మీకసలే పుండు.”

“నోరు మూసుకొని పడుకో మరిడయ్యా. నాకు బుధవారం అయింది. నీకు పోయిన సోమవారం తరవాత లేదు. ఇందులో వాదించడానికేమీ లేదు.”

“పంతులుగారితో ఓ మాట సెప్పకుండానా?”

“ఆయనకు చెప్పేదాన్ని నేనున్నాను. రాహేలమ్మా, వీడికి పెట్టెయ్యి.”

అయిదు నిమిషాలకు హైమవతి గోడ పట్టుకొని బయటికి వచ్చింది. మెడ చుట్టూ కొత్త కట్టు ఉంది. బెంచీ మీద ఆయన పక్కన కూర్చొని కాసేపు ఊపిరి తీసుకుంది. నరహరి చేతులు ఒళ్ళో పెట్టుకొని ఎదుటి గోడను చూస్తున్నాడు. బుధవారం నుంచి సోమవారానికి అయిదు రోజులు. చీము, జ్వరం, అరవై మూడేళ్ళ వయసు, రోజుకు పేరుకొనే నీరు, రక్తంలో పెరిగే పొటాషియం. వద్దనుకున్నా అంకెలు వాటంతట అవే ఒకదాని కింద ఒకటి వచ్చి నిలుచుంటున్నాయి.

“కట్టేశారా లెక్క?” అంది.

“ఆఁ.”

“ఎంతొచ్చింది?”

ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. “సోమవారం దాకా ఏమీ ఫరవాలేదు.”

ఆమె ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూసింది.

“మీకు అబద్ధం ఇంకా బాగా అలవాటు కాలేదు,” అని, లేవడానికి చెయ్యి అందించమంది.